కళాశాల ఫుట్‌బాల్ నిబంధనలు: చారల చొక్కా వేసుకోదలచినవారు చదువుకోవలసిన తీరు

టీవీలో ఏళ్ల తరబడి అమెరికన్ ఫుట్‌బాల్ చూసి, ఆట తమకు కొట్టిన పిండి అనుకునేవారికి చారల చొక్కా వేసుకుని ఆఫీషియల్‌గా (ఆట తీర్పరిగా) మైదానంలోకి దిగుదామనుకున్నప్పుడు మొదట ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, వారికి తెలిసిన దానిలో చాలా భాగం వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ నిబంధనలే కావడం. కళాశాల ఆటలో పాస్ పట్టుకున్న ఆటగాడి ఒక్క పాదం హద్దు లోపల ఆనితే చాలు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ ఆనాలి. కళాశాల ఆటలో బంతి పట్టుకున్నవాడు ఎవరూ తాకకుండానే జారిపడి మోకాలు నేలకు ఆనించినా బంతి అక్కడికక్కడే డెడ్ అవుతుంది, అంటే ఆట ఆగిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే ప్రత్యర్థి తాకేదాకా లేచి పరుగెత్తవచ్చు. డిఫెన్స్ (బంతి లేని జట్టు) పాస్ అందుకోబోయేవాణ్ణి అడ్డగించిన ఫౌల్‌కు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫౌల్ జరిగిన చోటికే బంతిని తీసుకుపోతారు గాని, కళాశాల ఆటలో ఆ శిక్ష 15 గజాలకు మించదు. ఇలాంటి తేడాలన్నిటినీ ఒక నోటు పుస్తకంలో వేరుగా రాసిపెట్టుకోవడం చదువులో మొదటి పని. ఎందుకంటే కొత్త నిబంధనను నేర్చుకోవడం కంటే, తెలుసనుకున్న పాత నిబంధనను వదిలించుకోవడమే కష్టం.

ఈ చదువు కళాశాల మైదానాల దాకా వెళ్లేవారికే పరిమితం కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల హైస్కూలు ఆటలు హైస్కూళ్ల జాతీయ సమాఖ్య ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ నియమావళి ప్రకారం నడుస్తాయి గాని, టెక్సాస్‌లో ప్రభుత్వ పాఠశాలల పోటీలను నిర్వహించే యూఐఎల్ మాత్రం కళాశాల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నియమావళినే కొన్ని మినహాయింపులతో అనుసరిస్తుంది. కాబట్టి ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగువారిలో ఎవరైనా స్థానిక ఆఫీషియల్స్ సంఘంలో చేరి హైస్కూలు ఆటలకు నిలబడదలచినా, చేతికి వచ్చేది కళాశాల పుస్తకమే. యూఐఎల్ మినహాయింపుల పట్టికను మాత్రం విడిగా తీసుకుని, అసలు పుస్తకం పట్టుబడిన తరువాతే చదవాలి. రెండూ కలిపి చదివితే ఏది ఎక్కడిదో గుర్తుండదు.

పుస్తకంలో మొత్తం 12 నిబంధనలున్నాయి. ప్రతి నిబంధనా సెక్షన్లుగా, ప్రతి సెక్షనూ ఆర్టికల్స్‌గా విడిపోతుంది. 9-1-4 అని ఎవరైనా అంటే తొమ్మిదో నిబంధన, మొదటి సెక్షన్, నాలుగో ఆర్టికల్ అని అర్థం. వాటికి తోడుగా ‘అప్రూవ్డ్ రూలింగ్స్’ అనే ఉదాహరణలు ఉంటాయి: ఫలానా విధంగా ఆట జరిగింది, తీర్పు ఇది అని చెప్పేవి. కొత్తవారు వీటిని దాటేసి నిబంధన వాక్యాలను బట్టీ పడుతుంటారు. నా ఉద్దేశంలో అది తిరగబడ్డ పద్ధతి. నిబంధనను ఒకసారి చదివి, వెంటనే దానికి సంబంధించిన ఉదాహరణలో తీర్పు భాగాన్ని చేత్తో మూసి, తానే తీర్పు చెప్పుకుని, ఆ తరువాత చెయ్యి తీసి సరిచూసుకోవాలి. తీర్పు సరిపోయినా కారణం సరిపోకపోతే దాన్ని తప్పుగానే లెక్కించుకోవాలి.

పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరుసగా చదవనక్కరలేదు. మైదానం కొలతలు, దుస్తులు, పరికరాలు చెప్పే మొదటి నిబంధనను ఒకసారి తిరగేసి, రెండో నిబంధన అయిన నిర్వచనాల దగ్గర ఆగిపోవాలి. అది పూర్తిగా వంటబట్టేవరకు ముందుకు కదలకూడదని చెప్పినా అతిశయోక్తి కాదు. తక్కిన పదకొండు నిబంధనలూ అక్కడి మాటలతోనే రాసినవి. ఉదాహరణకు, బంతిని స్నాప్ చేసే (నేలమీది నుంచి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే) జట్టు ‘ఏ జట్టు’, ఎదుటిది ‘బీ జట్టు’. బీ జట్టువాడు పాస్‌ను మధ్యలో అందుకుని పరుగు తీసినా, ఆ డౌన్ (పది గజాలు సాధించడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి) ముగిసేదాకా అతని జట్టు బీ జట్టే. మారేది ఎవరు ఆఫెన్స్, ఎవరు డిఫెన్స్ అన్నది మాత్రమే. బంతి ఎవరి చేతిలో ఉంటే వారు ఆఫెన్స్. ఒక నిబంధన ‘ఏ జట్టు’ అని చెబుతోందా, ‘ఆఫెన్స్’ అని చెబుతోందా అన్నది పట్టించుకోకుండా చదివితే, అలా బంతి చేతులు మారిన తరువాత జరిగిన ఫౌల్‌కు తీర్పు తలకిందులవుతుంది.

మఫ్, ఫంబుల్ అనే రెండు మాటల సంగతి కూడా ఇలాంటిదే. బంతిని పట్టుకోబోయి అది చేతికి తగిలి జారిపోతే మఫ్. చేతిలో స్థిరపడిన బంతి తరువాత జారిపోతే ఫంబుల్. పంట్‌ను (ప్రత్యర్థికి బంతిని వదిలేస్తూ దూరంగా తన్నే కిక్‌ను) అందుకోవలసిన బీ జట్టు ఆటగాడు దాన్ని మఫ్ చేస్తే, ఆ బంతి ఇంకా కిక్‌గానే లెక్క. ఏ జట్టువాడు దాన్ని చేజిక్కించుకోవచ్చు గాని దానితో ముందుకు పరుగెత్తడానికి వీల్లేదు. అదే బీ ఆటగాడు చక్కగా పట్టుకుని రెండడుగులు వేసి, దెబ్బ తగిలి బంతిని వదిలేస్తే అది ఫంబుల్. ఏ జట్టువాడు దాన్ని తీసుకుని గోల్ లైన్ దాకా పరుగెత్తవచ్చు. స్టేడియంలో కూర్చున్నవారికి రెండూ ఒకేలా కనబడతాయి. అందుకే ఫంబుల్ జరిగిన చోట ఆఫీషియల్ నడుముకు కట్టుకున్న బీన్‌బ్యాగ్‌ను నేలమీద వేస్తాడు. పసుపు జెండా ఫౌల్‌కు, బీన్‌బ్యాగ్ ఫౌల్ కాని గుర్తులకు. ఆ గుర్తు అలంకారం కాదు. పరుగు ఎక్కడ ముగిసిందో అది చెబుతుంది, పెనాల్టీ లెక్కకు అదే ఆధారం కావచ్చు.

నిర్వచనాల తరువాత నేరుగా పదో నిబంధనకు, అంటే పెనాల్టీ అమలుకు వెళ్లాలి. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు. అయితే జెండా పడ్డాక మైదానంలో అందరి కళ్లూ ఆఫీషియల్స్ మీదే ఉండే ఆ కొద్ది క్షణాల్లో పనికివచ్చేది ఇదే. ఇందులో గుండెకాయ ‘త్రీ అండ్ వన్’ సూత్రం. ముందుగా బేసిక్ స్పాట్ (శిక్ష గజాలు లెక్కించే ఆధార స్థానం) ఏదో తేల్చుకోవాలి: పరుగు ఆటలో బంతి స్క్రిమేజ్ గీత (స్నాప్‌కు ముందు బంతి ఉన్న గీత) దాటితే పరుగు ముగిసిన చోటు, చట్టబద్ధమైన ఫార్వర్డ్ పాస్ ఆటలో స్నాప్ జరిగిన చోటు. ఆ తరువాత, ఆఫెన్స్ చేసిన ఫౌల్ బేసిక్ స్పాట్‌కు వెనుక జరిగితే ఫౌల్ జరిగిన చోటు నుంచి శిక్ష. ఆఫెన్స్ ఫౌల్ ముందు జరిగినా, డిఫెన్స్ ఫౌల్ ఎక్కడ జరిగినా బేసిక్ స్పాట్ నుంచే.

దీన్ని ఒకే ఆట మీద నాలుగు రకాలుగా తిప్పి చూడటం మంచి అభ్యాసం. రెండో డౌన్, పది గజాలు కావాలి, బంతి ఏ జట్టు 40 గజాల గీత మీద ఉంది (గీతల అంకెలు మైదానం మధ్యన 50 దాకా పెరిగి, అవతల బీ జట్టు వైపు తగ్గుతూ పోతాయి). ఏ22 (ఏ జట్టులో 22వ నంబరు ఆటగాడు) బంతితో పరుగెత్తి తన 48 దగ్గర పడిపోయాడు. ఈలోగా ఏ75 తన 43 దగ్గర ప్రత్యర్థిని పట్టుకుని ఆపాడు, అది ఫౌల్. పరుగు 48 దగ్గర ముగిసింది గనుక బేసిక్ స్పాట్ 48. ఫౌల్ దానికి వెనుక, ఆఫెన్స్ చేసినది. కాబట్టి 43 నుంచి పది గజాలు వెనక్కి, 33కు. మళ్లీ రెండో డౌన్, 17 గజాలు కావాలి. ఇప్పుడు అదే ఫౌల్ పరుగు ముగిసిన చోటికి ముందు, అంటే బీ జట్టు 45 దగ్గర జరిగిందనుకుందాం. అప్పుడు శిక్ష 48 నుంచి మొదలై బంతి 38కి వస్తుంది, రెండో డౌన్, 12. మూడోసారి, పట్టుకోవడం స్క్రిమేజ్ గీతకు వెనుక, 37 దగ్గర జరిగిందనుకోండి. కళాశాల నియమావళి ఇక్కడ త్రీ అండ్ వన్‌కు మినహాయింపు ఇచ్చి, స్నాప్ జరిగిన 40 నుంచే శిక్ష వేయిస్తుంది. బంతి 30కి, రెండో డౌన్, 20. నాలుగోసారి, ఏ75 ఏమీ చెయ్యలేదు, బీ55 పరుగెత్తేవాడి ఫేస్‌మాస్క్ (హెల్మెట్ ముందుండే కడ్డీలు) పట్టి మెలితిప్పాడు. అది డిఫెన్స్ ఫౌల్. 48 నుంచి 15 గజాలు ముందుకు, బీ జట్టు 37 దగ్గర ఏ జట్టుకు మొదటి డౌన్. కాగితం మీద మైదానం గీసుకుని ఇలాంటివి ఇరవై చేసినవారికి, పదో నిబంధన మళ్లీ చదివినప్పుడు ప్రతి వాక్యమూ ఏ ఆటను గురించి రాసిందో కళ్లకు కడుతుంది.

తీర్పు ఆలోచించే వరుస ఎప్పుడూ ఒకటే ఉండాలి. ఫౌల్ జరిగిన క్షణాన బంతి లైవ్‌లో ఉందా, డెడ్ అయిందా, ఎవరి చేతిలో ఉంది, అది ఏ రకం ఆట, ఫౌల్ ఎవరు, ఎక్కడ చేశారు, బేసిక్ స్పాట్ ఏది, ఎన్ని గజాలు, డౌన్ ఎంత, గడియారం ఎప్పుడు మొదలవ్వాలి. ఇంట్లో కూర్చుని చేసే లెక్కల్లో కూడా ఈ వరుసను బయటికి చెప్పుకుంటూ చేయాలి. జవాబు ముందే తట్టినా మధ్యమెట్లు ఎగరగొట్టకూడదు.

ఎనిమిదో నిబంధనలో సేఫ్టీ, టచ్‌బ్యాక్ మధ్య తేడా దగ్గర ఇంకాస్త నిలవాలి. బంతిని ఎండ్ జోన్‌లోకి (గోల్ లైన్‌కు వెనుకనున్న భాగంలోకి) చేర్చిన ‘ఫోర్స్’ ఎవరిదన్నదే అక్కడ ప్రశ్న. బీ24 తన 8 గజాల గీత దగ్గర పాస్‌ను అందుకుని వెనక్కి తన ఎండ్ జోన్‌లోకి వెళ్లి అక్కడ పట్టుబడితే సేఫ్టీ, ఏ జట్టుకు రెండు పాయింట్లు. అతడు 3 గజాల గీత దగ్గర అందుకుని, తన ఊపుకే ఎండ్ జోన్‌లోకి వెళ్లి పడితే సేఫ్టీ కాదు. 5 గజాల గీతకు, గోల్ లైన్‌కు మధ్య అందుకున్నప్పుడు వర్తించే మినహాయింపు వల్ల 3 దగ్గరే బీ జట్టుకు బంతి ఇస్తారు. ఎండ్ జోన్‌లోనే అందుకుని అక్కడే ఆగిపోతే టచ్‌బ్యాక్, బంతి 20కి వస్తుంది.

పుస్తకంలో అక్కడక్కడా ‘సందేహమున్నప్పుడు’ అని మొదలయ్యే వాక్యాలుంటాయి. బంతి పట్టుబడిందా లేదా అన్నది సందేహమైతే పట్టుబడలేదు. ఫార్వర్డ్ పాస్ వెయ్యబోతుండగా బంతి జారిపోతే, అది పాసా ఫంబులా అన్న సందేహం పాస్ వైపే తీర్చాలి. తలకు గురిపెట్టి కొట్టే టార్గెటింగ్‌లో సందేహమైతే అది ఫౌలే. ఇలాంటివన్నీ ఏరి ఒక్క పేజీలో చేర్చుకుంటే, పుస్తకం మొత్తంలో ఇంతకంటే ఉపయోగపడే పేజీ ఉండదు. మైదానంలో నిలబడినవారికి సందేహం అరుదైన అతిథి కాదు.

నిబంధనలు మారుతుంటాయి కాబట్టి పాత వీడియోలను చూసేటప్పుడు అవి ఏ ఏటివో గమనించాలి. టార్గెటింగ్‌కు ఆటగాణ్ణి బయటకు పంపడం 2013లో మొదలైంది. మొదటి డౌన్ వచ్చిన ప్రతిసారీ గడియారాన్ని ఆపే పాత పద్ధతి అగ్రశ్రేణి కళాశాలల ఆటలో 2023లో మారి, ప్రతి అర్ధభాగం చివరి రెండు నిమిషాలకే పరిమితమైంది. రెండు నిమిషాలు మిగిలి ఉండగా ఆటంతటదే ఆగే టైమవుట్ 2024లో వచ్చింది. పుస్తకం కొత్త ప్రతిలో మారిన భాగాలను ప్రత్యేకంగా గుర్తిస్తారు. పాతవారు అవి మాత్రమే చదివి ఊరుకుంటారు, కొత్తవారు ఆ అలవాటును అనుకరించకూడదు.

నిబంధనలకూ, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే మెకానిక్స్‌కూ వేరే పుస్తకాలుంటాయి. అగ్రశ్రేణి ఆటలో ఎనిమిది మంది ఆఫీషియల్స్ ఉంటారు. తెల్ల టోపీ రిఫరీది. మొదటి ఏడాది తనకు ఇచ్చిన స్థానానికి సంబంధించిన మెకానిక్స్ మాత్రం నేర్చుకుంటే చాలు. నిబంధనల విషయంలో మాత్రం ఆ వెసులుబాటు లేదు. చదువు ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురితో సాగితే మేలు. వారానికి ఒకరు అయిదు ఆటలు కల్పించి తేవాలి, తక్కినవారు పుస్తకం తెరవకుండా తీర్పు చెప్పి, ఏ ఆర్టికల్ ప్రకారమో చెప్పాలి. వాదన వచ్చినప్పుడు గొంతు పెద్దదైనవారు గెలవకుండా, అక్కడికక్కడే పుస్తకం తెరిచి ఆ వాక్యాన్ని పైకి చదవాలి.