ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు: తప్పు ఎక్కడ పడుతోంది?

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ప్లస్ టూ (ఇంటర్) చదివే తెలుగు పిల్లలు ప్రశ్నను ఇంగ్లీషులో చదువుతారు, లెక్కను ఒడియాలో గొణుక్కుంటారు, అర్థం తెలుగులో చూసుకుంటారు. సీయూఈటీలో (సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్షలో) 50 ప్రశ్నలకు 60 నిమిషాలు, అంటే ప్రశ్నకు 72 సెకన్లు. ఆ హడావిడిలో ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దాటే చోటే కాలు జారుతుంది. పాఠం మళ్ళీ మొదటినుంచి చదవక్కర్లేదు, జారిన చోటు పట్టుకోవాలి.

సమస్య: ఈజ్ పెట్టాలో ఆర్ పెట్టాలో తేలదు

కారణం: తెలుగులో "పుస్తకాల జాబితా" అంటాం. అసలు మాట జాబితా, అది చివర ఉంటుంది. ఇంగ్లీషులో తిరగబడి "ద లిస్ట్ ఆఫ్ బుక్స్" అవుతుంది. అసలు మాట ముందుకు పోయి, క్రియ పక్కన "బుక్స్" మిగులుతుంది. మన చెవి దాన్నే కర్త అనుకుని "ఆర్" పెట్టేస్తుంది.

పరిష్కారం: ఆఫ్, విత్, అలాంగ్ విత్, యాజ్ వెల్ యాజ్ కనబడగానే అక్కణ్ణించి క్రియ దాకా ఉన్న ముక్కను లేనట్టే చదవండి. "ద లిస్ట్... ఈజ్", "ద ప్రిన్సిపల్, అలాంగ్ విత్ ద టీచర్స్, ఈజ్".

ముఖ్యంగా రెండు చోట్ల ఇది పనిచెయ్యదు. నైదర్-నార్, ఎయిదర్-ఆర్ వస్తే క్రియకు దగ్గరున్న మాటదే పెత్తనం: "నైదర్ ద టీచర్ నార్ ద స్టూడెంట్స్ వర్". రెండోది ఇంకా గట్టిది. "షి ఈజ్ వన్ ఆఫ్ ద గర్ల్స్ హూ ప్లే" అన్నప్పుడు ఆడేది ఆ అమ్మాయిలందరూ, అందుకే "ప్లే". ముందు "ద ఓన్లీ" చేరితే ఆడేది ఆమె ఒక్కతే, "ప్లేస్" అవుతుంది.

సమస్య: ఎ, యాన్, ద తారుమారు

ఎ, యాన్ తేడాకు తెలుగు లిపే మంచి సాధనం. ఆ మాటను తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. అవర్, ఎమ్మెల్యే అచ్చులతో మొదలవుతాయి కాబట్టి యాన్. యూనివర్సిటీ "య"తోను, వన్-డే "వ"తోను మొదలవుతాయి కాబట్టి ఎ. యాపిల్, యాక్టర్ లాంటివి మాత్రం వేరు: మనం "యా" అని రాసినా ఇంగ్లీషులో పలికేది అచ్చే, అందుకే యాన్. ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తేనే మోసపోతాం.

"ద" దగ్గర ఒడియా ఆదుకుంటుంది. "గోటియే బహి" (ఒక పుస్తకం) అనే చోట ఎ, "బహిటా" (ఆ పుస్తకం) అనే చోట ద. అయితే సూర్యుడికి, నదుల పేర్లకు ఒడియాలో ఈ "టా" తగిలించరు, ఇంగ్లీషులో మాత్రం ద కావాలి: ద సన్, ద వంశధార, ద నాగావళి. వీటిని విడిగా బట్టీ పట్టాల్సిందే.

సిన్స్, ఫర్ రెండింటికీ మనకు ఉన్నది ఒక్క "నుంచి". "గా" పెట్టి చూడండి. "రెండేళ్ళుగా" కుదిరింది, ఫర్. "2022గా" కుదరదు, సిన్స్.

సమస్య: పద్ధతి సరైనదే, జవాబు తప్పు

కారణం చాలాసార్లు అంకె మారడమే. ఒడియాలో 39 అణచాళిశ, 49 అణచాశ. నలభైకి ఒకటి తక్కువ, యాభైకి ఒకటి తక్కువ. త్వరగా గొణిగితే రెండూ ఒకలాగే పలుకుతాయి. 47 సతచాళిశ, అక్కడ ఏడు ముందు వస్తుంది. చెయ్యి 74 రాసేస్తుంది. అంకెను స్క్రీన్ మీంచి రఫ్ షీటులోకి దింపేటప్పుడు నోటితో అనకండి, కంటితో చూసి రాయండి. ఆ తర్వాత లెక్క ఏ భాషలో చేసినా ఫరవాలేదు.

రెండో కారణం, అడిగింది ఒకటి, గుర్తుపెట్టేది ఇంకొకటి. 3ఎక్స్ − 7 = 14 అయితే ఎక్స్ 7. ప్రశ్న అడిగేది 2ఎక్స్ + 1, అంటే 15. ఆప్షన్లలో 7 కూడా ఉంటుంది, కావాలనే పెడతారు. రఫ్ షీటులో మొదటి గీత "కావలసింది: 2ఎక్స్ + 1" అని ఉండాలి.

వర్గం చేసి సాధించే ప్రశ్నల్లో వచ్చిన విలువను అసలు సమీకరణంలో వేసి చూడాలి. (ఎక్స్ + 6) వర్గమూలం ఎక్స్‌కు సమానమైతే 3, −2 వస్తాయి. −2 వేస్తే ఎడమవైపు 2, కుడివైపు −2. అది జవాబు కాదు.

శాతాలు ఎప్పుడూ 100తో మొదలుపెట్టండి. 20% పెంచి 20% తగ్గిస్తే 100 కాస్తా 120, ఆపైన 96, అంటే 4% తగ్గుదల. వెళ్ళేటప్పుడు గంటకు 40, అదే దారిలో వచ్చేటప్పుడు 60 కిలోమీటర్ల వేగమైతే సగటు 50 కాదు. దారి 120 కిలోమీటర్లనుకోండి, 3 గంటలు, 2 గంటలు. 240ని 5తో భాగిస్తే 48.

సమస్య: తెలుగు పేపరు తీసుకుంటే చదవడానికే టైము చాలదు

సీయూఈటీ 13 భాషల్లో ఉంటుంది, తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగు కదా అని తెలుగు పెట్టుకోవద్దు. సంభావ్యత, సదిశ లాంటి మాటలు రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. కష్టమల్లా అక్షరాలతోనే. పన్నెండేళ్ళు ఒడియా అక్షరాల్లో చదివిన కన్ను తెలుగు పేరాను మెల్లగా కూడబలుక్కుంటుంది. దరఖాస్తు నింపకముందే ఒకే పేరాను రెండు లిపుల్లో చదివి గడియారం చూడండి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే అంతిమం, అందుకే అనుమానం వచ్చిన చోట ఇంగ్లీషు వాక్యం చూడాలి.

సమస్య: నెగటివ్ మార్కు భయంతో వదిలేసిన ప్రశ్నలు ఎక్కువ

ఒప్పుకు 5, తప్పుకు −1. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితేనే సగటున అర మార్కు మిగులుతుంది. రెండు ఆప్షన్లు తప్పని ఖాయంగా తెలిశాక మిగతా రెండిట్లో ఒకటి పెడితే సగటు 2 మార్కులు. అలాంటి ప్రశ్నను ఖాళీగా వదలకండి.