బండి ఆయిల్ తాగుతుంటే ఇంజిన్ దింపాలా, డబ్బా పెట్టుకుని తిరగాలా?

డాలస్ చుట్టుపక్కల కొత్తగా దిగిన మనవాళ్లు మొదటి కారు కొనేది దాదాపు ఒకే పద్ధతిలో. రూమ్‌లో ఉన్న సీనియర్ ఎవరో మార్కెట్‌ప్లేస్‌లో వెతికి పెడతారు. నాలుగైదు వేల డాలర్లు, పదిహేనేళ్ల బండి, మీటర్ మీద లక్షన్నర మైళ్లు. మొదటి నెల హాయిగా గడుస్తుంది. రెండో నెలలో డెంటన్ నుంచి ఇర్వింగ్ వస్తుంటే ఏదో మలుపులో డాష్‌బోర్డు మీది ఆయిల్ ఎర్ర దీపం ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోతుంది. షాపుకి తీసుకెళ్తే, "ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, విప్పి బాగుచెయ్యాలి, మూడున్నర వేలు" అంటారు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే నాన్నగారు, "ఏముందిరా, బోర్‌కొచ్చి ఉంటుంది. దింపించి రింగులు మార్పించెయ్, కొత్త బండిలా అవుతుంది" అంటారు.

ఆయన చెప్పింది అక్కడైతే నిజమే. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ పనికి ఖర్చు ఎక్కువగా సామానుకే అవుతుంది, చేతిపని చవక. ఇక్కడ తిరగబడుతుంది. రింగులంటే పిస్టన్ల చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపేవి. వాటి సెట్టు ఖరీదు పెద్దదేమీ కాదు, కానీ మెకానిక్ గంటకి 130 నుంచి 180 డాలర్ల దాకా తీసుకుంటాడు. రింగులు మార్చాలంటే పిస్టన్లు బయటికి రావాలి, అంటే పదిహేను ఇరవై గంటల పని. అందుకే ఇంటి దగ్గరి లెక్క ఇక్కడ పనికిరాదు. ముందు బండి ఎంత తాగుతోందో కొలవండి, ఆ తర్వాతే ఏ నిర్ణయమైనా.

కొలవడం ఇలా. బండి చదునుగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ కట్టేసి పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. పై గుర్తు దాకా ఆయిల్ నింపి, మీటర్ రీడింగ్‌ని ఓ టేపు ముక్క మీద రాసి బానెట్ లోపల అంటించండి. చాలా కార్లలో పై గుర్తుకీ కింది గుర్తుకీ మధ్య తేడా ఒక క్వార్ట్ ఉంటుంది, అంటే లీటరుకి కాస్త తక్కువ. ఎన్ని మైళ్లకి కింది గుర్తు దగ్గరికి వచ్చిందో చూడండి. ఆ రాత్రే బండి కింద ఓ అట్టముక్క కూడా పరచండి. పొద్దున దాని మీద నల్ల చుక్కలుంటే ఆయిల్ కాలడం కాకపోవచ్చు, కారుతోంది. గాస్కెట్ (అతుకుల దగ్గర కారకుండా పెట్టే పొర) మారిస్తే పోయే జబ్బుకి ఇంజిన్ దింపుకున్నవాళ్లు ఉన్నారు.

క్వార్ట్‌కి ఎన్ని మైళ్లయితే మామూలు, ఎన్నయితే జబ్బు అన్నదానికి ఒక్క గీత లేదు. పాత 2.4 లీటర్ల క్యామ్రీల మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు టయోటా తన పరీక్షలో పెట్టుకున్న హద్దు 1,200 మైళ్లకి ఒక క్వార్ట్. అంతకంటే ఎక్కువ తాగితేనే పిస్టన్లు, రింగులు మార్చింది. 2007–2009 క్యామ్రీల్లో వచ్చిన ఆ ఇంజిన్‌కి పదేళ్లు లేదా లక్షా యాభై వేల మైళ్ల వరకు వారంటీ పెంచారు. ఆ పదేళ్లూ ఎప్పుడో అయిపోయాయి కాబట్టి, "టయోటా ఫ్రీగా చేస్తుంది" అని అమ్మేవాడు చెబితే నమ్మకండి. సుబారూ కూడా 2011–2014 మధ్య వచ్చిన కొన్ని మోడళ్లకి ఇలాగే వారంటీ పెంచింది, దాని గడువూ తీరిపోయింది. హ్యుందాయ్‌ది వేరే కథ. 2011–2019 మధ్య వచ్చిన కొన్ని సొనాటాల ఇంజిన్లకి లోపల పిస్టన్ కడ్డీ తిరిగే చోట ఉండే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోతే జీవితకాల వారంటీ ఉంది, కానీ ఇంజిన్ లోపలి కొట్టుడు చప్పుడుని పసిగట్టే నాక్ సెన్సర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించి ఉండాలి. అలాంటి బండి చేతిలో ఉంటే ఆ పని ముందు చేయించుకోండి, ఆయిల్ మార్పించిన రసీదులన్నీ దాచుకోండి.

ఇక డబ్బు లెక్క. మీ బండి వెయ్యి మైళ్లకి ఒక క్వార్ట్ తాగుతోందనుకుందాం, మీరు నెలకి వెయ్యి మైళ్లు తిరుగుతారనుకుందాం. ఐదు క్వార్టుల డబ్బా పాతిక డాలర్లలో దొరుకుతుంది. అంటే ఏడాదికి పన్నెండు క్వార్టులు, అరవై డాలర్లు. మూడు వేలు పెట్టి రింగులు మార్పిస్తే ఆ ఖర్చు ఆయిల్ మిగులులో తిరిగి రావడానికి యాభై ఏళ్లు పడుతుంది. నాలుగు వేల బండికి మూడు వేల రిపేరు చేయిస్తే దాని వెల ఏడు వేలు కాదు, నాలుగు వేలే ఉంటుంది. నన్నడిగితే, పొగ కనిపించనంత వరకు, ఒక క్వార్ట్ మీద వెయ్యి మైళ్లైనా నడుస్తున్నంత వరకు, డిక్కీలో డబ్బా పెట్టుకుని తిరగడమే తెలివైన పని. మాన్యువల్‌లో రాసిన ఆయిల్ గ్రేడే, అంటే ఆ చిక్కదనమే, వాడండి. పొగ తగ్గుతుందని చిక్కటి ఆయిల్ పోసేయకండి, అది అమ్మేవాళ్లు కొనేవాడి కళ్లు కప్పడానికి చేసే పని. పై గుర్తు దాటేలా కూడా పోయకండి. ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగతో ఇంజిన్‌కి నూనె సరిగా అందదు.

అసలు ప్రమాదం ఆయిల్ కాలడంలో లేదు, మనం చూడకపోవడంలో ఉంది. ఇంజిన్‌లో పట్టేదే సుమారు నాలుగున్నర క్వార్టులు. "ఐదు వేల మైళ్లకి ఆయిల్ చేంజ్" అన్న మాట విని ఈలోగా బానెట్ ఎత్తకపోతే, వెయ్యికి ఒకటి తాగే బండిలో ఐదు వేలు వచ్చేసరికి మిగిలేది సున్నా. పైగా ఆ ఎర్ర దీపం ఆయిల్ తగ్గిందని ముందుగా చెప్పేది కాదు, ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. అది వెలిగేసరికే ఆలస్యం. వెలిగితే ఎగ్జిట్ దాకా పోదాంలే అనుకోకుండా అక్కడే పక్కకి తీసి ఇంజిన్ కట్టేయండి. అలా సీజైన ఇంజిన్‌కి ఇన్సూరెన్స్ డబ్బులివ్వదు. ఫుల్ కవరేజ్ ఉన్నా సరే, లోపల అరిగి పోయినదానికి పైసా రాదు.

కాబట్టి రెండు వారాలకోసారి, పెట్రోల్ కొట్టించేటప్పుడు, డిప్‌స్టిక్ చూడటం అలవాటు చేసుకోండి. హ్యూస్టన్‌కో ఆస్టిన్‌కో వెళ్లే ముందు తప్పకుండా.

రిపేరు అసలు వద్దనడం లేదు. చిన్న రిపేరు ముందు చేయించండి. నాకు ఒక షాపులో 3,400 డాలర్ల అంచనా రాసిచ్చారు. రెండో చోట ఓ పెద్దాయన విని, "పీసీవీ వాల్వ్ ఎప్పుడు మార్చావు?" అనడిగాడు. నాకు ఆ పేరే తెలియదు. ఇంజిన్ లోపలి ఆవిర్లని మళ్లీ గాలి దారిలోకి పంపే చిన్న వాల్వ్ అది. తెరుచుకుని ఇరుక్కుపోతే ఆయిల్‌ని కూడా లాగేసి సిలిండర్లలో కాల్పించేస్తుంది. పన్నెండు డాలర్ల సామాను, అరగంట పని. తాగుడు సగానికి తగ్గింది, పూర్తిగా మానలేదు. ఆ సగంతోనే బండి ఇంకో మూడేళ్లు నడిచింది.

పొగ కూడా కొంత చెబుతుంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వదిలి ఆపేస్తే వాల్వ్ సీళ్లు అరిగి ఉండొచ్చు. గట్టిగా తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే రింగుల వైపు అనుమానం. తియ్యటి వాసనతో దట్టమైన తెల్ల పొగ వస్తుంటే అది ఆయిల్ కాదు, కూలెంట్. హెడ్ గాస్కెట్ అయి ఉండొచ్చు, అలాంటి బండిని తిప్పకండి. పెద్ద పనికి ఒప్పుకునే ముందు సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించి అంకెలు రాసిమ్మనండి. తక్కువ చూపించిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్‌లో, హెడ్ గాస్కెట్టో. ఈ టెస్ట్ చేయకుండానే "ఇంజిన్ పోయింది" అనే షాపు నుంచి మర్యాదగా బయటికి వచ్చేయండి. ఇక్కడ మొహమాటం ఖరీదైనది.

డబ్బా పద్ధతికి కూడా ఒక గడువుంది. కాలిన ఆయిల్ బూడిద, బండి పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మెల్లగా పాడుచేస్తుంది. ఓ రోజు చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, ఆటోజోన్ అనే విడిభాగాల దుకాణంలో ఉచితంగా చదివిస్తే పీ0420 అని, అంటే కన్వర్టర్ పని తగ్గిందని చెప్పే కోడ్, వస్తుంది. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు కదా అని నిశ్చింతగా ఉండకండి. డాలస్, టారంట్, కొలిన్, డెంటన్ కౌంటీల్లో ఎమిషన్స్ (పొగ) పరీక్ష అలాగే ఉంది. లైట్ వెలుగుతుంటే పాస్ కారు, పాస్ కాకపోతే రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు. కోడ్ చెరిపేసి వెంటనే వెళ్తే బండి తనని తాను పరీక్షించుకునే మానిటర్లు రెడీగా లేవని తిప్పి పంపుతారు. కన్వర్టర్‌కి వెయ్యి డాలర్ల పైన అడుగుతున్నారంటే, ఆయిల్ తాగే ఇంజిన్ కింద కొత్తది బిగించినా అదీ అదే దారి పడుతుంది. అప్పుడు బండిని వదిలించుకోవడమే నయం.

ఇంజిన్ మార్పిడికి డబ్బు పెట్టడానికి నాకు తెలిసి ఒకటే సందర్భం. బండి మిగతా అంతా, అంటే గేర్‌బాక్స్, ఏసీ, బాడీ గట్టిగా ఉండి, మీరు ఇంకో నాలుగైదేళ్లు దాన్నే నడపాలనుకుంటే, సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ వేయించుకోవచ్చు. సామానుకీ పనికీ వారంటీ రాసిస్తేనే. అప్పుడు కూడా ఆ డబ్బుకి ఎలాంటి బండి వస్తుందో పాత బండ్ల ధరలు చెప్పే కెల్లీ బ్లూ బుక్‌లో చూశాకే సరేననండి. క్రెడిట్ కార్డు మీద చేయిస్తానంటే మాత్రం వద్దు. మొదటి ఏడాది స్టూడెంట్ చేతిలో క్యాంపస్ ఉద్యోగం జీతమే ఉంటుంది, దాని మీద ఈ బరువు పెట్టకండి.

అమ్మేటప్పుడు ఆయిల్ సంగతి దాచకండి. ఎక్కువమంది కొనేది మన వాట్సాప్ గ్రూపుల్లోనే, మర్నాడు గుళ్లో ఎదురుపడేది వాళ్లే. "వెయ్యి మైళ్లకి ఒక క్వార్ట్, ఇదిగో టేపు మీద రీడింగులు" అని చూపిస్తే ఓ మూడు నాలుగు వందలు తగ్గించి తీసుకుంటారు. డిక్కీలో మిగిలిన డబ్బా కూడా ఇచ్చేయండి. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద సంతకం చేసిచ్చాక, 30 రోజుల్లోగా అమ్మినట్టు టెక్సాస్ డీఎంవీకి ఆన్‌లైన్‌లో తెలియజేసి, నంబర్ ప్లేట్లు ఊడదీసి ఇంటికి తెచ్చుకోండి. లేదంటే కొన్నవాడు టోల్‌వే మీద తిరిగిన బిల్లులు మీ అపార్ట్‌మెంట్‌కే వస్తాయి.