కుక్కపిల్లకు బంతి ఆట, మూడో పాఠం: నోట్లోది చేతికి రావాలంటే

పోయిన పాఠంలో బంతి దొర్లించమన్నాను. మీ కుక్కపిల్లలు పరుగెత్తి పట్టుకున్నాయి, అంతవరకు బాగానే ఉంది. గొడవంతా ఆ తర్వాతే వచ్చింది. బంతి నోట కరుచుకుని మంచం కిందికి దూరిందని కొందరు, ఇల్లంతా తిప్పించిందని కొందరు, రెండడుగుల దూరం దాకా వచ్చి చెయ్యి చాపగానే తుర్రుమందని చాలామంది చెప్పారు. ఒకరైతే సోఫా జరిపి, చీపురు కర్రతో బంతిని బయటికి లాగి, మళ్లీ విసిరారట. అందుకని ఈసారి చెబుదామనుకున్న దూరం విసరడం పక్కన పెట్టేస్తున్నాను. ఈ వారం బంతి విసరడమే లేదు.

మీ పిల్ల మొండిదని మాత్రం అనుకోకండి. నోటికి దొరికింది పట్టుకుని పక్కకు పోవడం రెండు మూడు నెలల కుక్కపిల్లకు సహజం. తోబుట్టువుల మధ్య పెరిగేటప్పుడు అలా పోకపోతే ఇంకోటి వచ్చి లాక్కుంటుంది. వెంటపడటం, పట్టుకోవడం దాంట్లో ముందే ఉన్నాయి. తెచ్చి చేతికివ్వడమే మనం నేర్పాలి. వేటలో కొట్టిన పిట్టను నలగకుండా తెచ్చివ్వడానికే ల్యాబ్రడార్‌లను, గోల్డెన్ రిట్రీవర్‌లను తరతరాలుగా ఎంచి పెంచారు గనక వాటికి ఈ పని తొందరగా పట్టుబడుతుంది. ముధోల్ హౌండ్ కంటితో చూసి తరిమి పట్టే జాతి, దాని ఉత్సాహమంతా ముందుకు పరుగెత్తడంలోనే ఉంటుంది, వెనక్కి రావడం దగ్గర మీరు ఎక్కువ ఓపిక పట్టాలి. వీధి నుంచి తెచ్చుకున్న కుక్కపిల్లల్లో ఏది ఎలా నేర్చుకుంటుందో ముందుగా చెప్పలేం, కానీ వాటికి రాదని ఎవరైనా అంటే నమ్మకండి. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయం వాళ్లు 13 తోడేలు పిల్లలను ఎనిమిది వారాల వయసులో పరీక్షించి, అందులో మూడు కొత్త మనిషి విసిరిన బంతిని తిరిగి తెచ్చాయని 2020లో ప్రచురించారు. తోడేలు పిల్లే తెచ్చినప్పుడు మీ వీధి పిల్ల గురించి బెంగ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దీని మీద ఎక్కువ సేపే చెబుతాను, ఎందుకంటే చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది, అయినా ఎవరూ దీన్ని బంతి ఆటకు సంబంధించిన విషయంగా చూడటం లేదు. మీ పిల్ల బంతి ఇవ్వకపోవడం బంతి దగ్గర మొదలవలేదు. చెప్పు దగ్గర మొదలైంది.

ఇంట్లో రోజంతా ఏం జరుగుతోందో ఒకసారి చూడండి. పొద్దున్నే పిల్ల గుమ్మం దగ్గర చెప్పు పట్టుకుంటుంది. "అయ్యో, చెప్పు!" అని ఒకరు పరుగెత్తుతారు. అది ఇంకా హుషారుగా పరుగెత్తుతుంది. మూల దొరకబుచ్చుకుని, దవడలు రెండు చేతులతో విడదీసి, చెప్పు లాక్కుంటారు. పదింటికి మేజోడు, మధ్యాహ్నం ఇల్లు తుడిచే గుడ్డ, సాయంత్రం పిల్లల పెన్సిల్. ప్రతిసారీ అదే తంతు. సాయంత్రం ఆరింటికి మీరు బంతి దొర్లించి, చేతులు చాచి, ముద్దుగా "రా నాన్నా, పట్రా" అంటారు. పొద్దుటి నుంచి దానికి అర్థమైంది ఒక్కటే: నోట్లో ఏదైనా ఉన్నప్పుడు మనిషి దగ్గరికొస్తే అది పోతుంది. మరి ఎందుకొస్తుంది? చేతిలోంచి ఫోన్ లాక్కుంటే పిల్లాడు రెండోసారి దుప్పట్లో దూరి చూస్తాడు, మీ కుక్కపిల్ల మంచం కిందికి పోవడమూ అంతే.

వెంటపడటంలో ఇంకో నష్టం ఉంది. కుక్కపిల్లకు తను ముందు పరుగెత్తి మీరు వెనక పరుగెత్తడం బంతి కన్నా మంచి ఆట. బంతి ఒకసారి విసిరితే అయిపోతుంది, మీరు వెంటపడితే ఐదు నిమిషాలు నడుస్తుంది. "నవ్వుతూనే వెంటపడ్డాం, కొట్టలేదు కదా" అంటారు. నవ్వుతూ వెంటపడితే ఇంకా మంచి ఆట దానికి. ఇంట్లో నలుగురూ మానేసి ఒక్కరు మాత్రం పట్టుకోవడం కొనసాగించినా పని చెడిపోతుంది, ఎందుకంటే అప్పుడప్పుడు మాత్రమే దొరికే ఆటను కుక్క ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పిల్లలకూ పెద్దవాళ్లకూ పనిమనిషికీ అందరికీ చెప్పాలి. నాయనమ్మగారు "దాని నోట్లో చెయ్యి పెట్టి తీసేస్తే పోలా" అంటే ఆవిడకు ఓపిగ్గా చెప్పండి, అలా తీస్తే రేపు తెచ్చివ్వదు అని.

దవడలు విడదీయడం ఒక్క సందర్భంలోనే ఒప్పు. మాత్రల అట్ట, బటన్ సెల్ బ్యాటరీ, కోడి ఎముక, సూది లాంటివి నోట్లో ఉండి, ఎంత మంచి తిండి చూపించినా వదలనప్పుడు. మింగేసిందని అనుమానం వస్తే ఇంటి వైద్యం జోలికి పోకుండా నేరుగా పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. మిగతా వేళల్లో చెప్పు పాడైతే పాడైంది. అన్నట్టు, చెప్పులు ఎత్తున పెట్టుకోవడం ఇంకా తేలిక.

మరి లాక్కోకుండా ఎలా? మార్పిడి చేయాలి. దాని నోట్లో ఉన్నదాని కన్నా మంచిది మీ చేతిలో ఉండాలి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడి మాంసం, శనగ గింజంత ముక్కలు. శాకాహారులైతే పనీర్. గుడ్డు ఉడికించి చిదిమినా సరే, కానీ చెయ్యంతా జిడ్డవుతుంది గనక నేను వాడను. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ వద్దే వద్దు, అవి కుక్కలకు విషం. ఈ ముక్కలకు తగ్గట్టు రాత్రి తిండి కాస్త తగ్గించండి.

పిల్ల బంతి నోట పట్టుకుని ఉన్నప్పుడు మీరు నేల మీద కూర్చోండి. ఎదురుగా కాదు, దానికి పక్కవాటుగా. నిలబడి మీదికి వంగితే పిల్లకు భయం. మాంసం ముక్క పిడికిట్లో పట్టుకుని దాని ముక్కు దగ్గర, గడ్డానికి కొంచెం కిందుగా ఉంచండి. మొదట ముక్కుపుటాలు కదులుతాయి. తర్వాత చెవులు కాస్త వెనక్కి వెళ్తాయి, బంతి మీద పట్టు సడలి దవడ కింది వైపు పళ్లు కనిపిస్తాయి. ఆ క్షణంలో, నోరు తెరుచుకుంటుండగా, మెల్లగా ఒక్కసారి "ఇచ్చెయ్" అనండి. బంతి నేల మీద పడుతుంది. ఇప్పుడు మీ చెయ్యి బంతి వైపు పోవాలని లాగుతుంది. పోనివ్వకండి. ముక్క ఇవ్వండి, అది నమిలి మింగేదాకా ఆగండి, అప్పుడు బంతిని తీసి, మళ్లీ దానికే ఇచ్చేయండి.

అవును, దానికే. ఈ మాట చదివి చాలామంది దాటేస్తారు, పాఠం మొత్తం ఇక్కడే ఉంది. ఇస్తే పోతుందనుకున్న వస్తువు, ఇస్తే మాంసం ముక్కతో పాటు తిరిగి వచ్చింది. ఇలా పదిసార్లలో ఎనిమిదిసార్లు వెనక్కి ఇచ్చేస్తే, ఇంకో రెండుసార్లు చెప్పు లాంటిది మీరు ఉంచేసుకున్నా అది పట్టించుకోదు.

"ఇచ్చెయ్" అనే మాట ముందే అరవకండి. అది బంతి కరుచుకుని కూర్చుంటే "ఇచ్చెయ్ ఇచ్చెయ్ ఇచ్చెయ్" అని జపం చేస్తే, ఆ మాటకు కరుచుకుని కూర్చోవడమనే అర్థం స్థిరపడుతుంది. నోరు తెరుచుకునేటప్పుడే అనాలి, నాలుగైదు రోజుల తర్వాత మాట కాస్త ముందుకు జరపాలి. ఇంగ్లిషులో అన్నా తెలుగులో అన్నా దానికి ఒకటే, ఇంట్లో అందరూ ఒకే మాట అంటే చాలు.

కొన్ని ఇళ్లలో మార్పిడికి కూడా పిల్ల రాదు, మాంసం చూపించినా బంతి పట్టుకుని తన పడక దగ్గరికి పోతుంది. అయితే మీరే పడక పక్కన కూర్చోండి. కుక్కపిల్ల దొరికిన సొత్తును చాలావరకు తన చోటికే మోసుకెళ్తుంది. పడకను గోడ వైపు వేసి, దాని పక్కన చేరగిలబడి, బంతిని ఎదురు వైపు ఒక మీటరు దూరం మాత్రం దొర్లించండి (ఈ వారం విసరొద్దన్నాను, ఇలాంటి పిల్లలకు మాత్రం ఈ మాత్రం దొర్లించడానికి మినహాయింపు). వెనక్కి వచ్చే దారి మీ మీదుగానే ఉంటుంది. రాగానే చెయ్యి చాపకండి, ఛాతీ మీద, వీపు మీద నిమరండి, బంతి దాని నోట్లోనే ఉండనివ్వండి. మీ దగ్గరికి రావడం హాయిగా ఉందని తెలిశాక ఇవ్వడం సంగతి చూద్దాం.

తిండికి లొంగని పిల్లలూ ఉన్నాయి. వాటికి ఒకే రకం బొమ్మలు రెండు పెట్టుకోండి. ఒకటి నోట్లో పట్టుకుని వస్తుంటే రెండోదాన్ని నేల మీద ఎలుకలా అటూ ఇటూ కదిలించండి, మొదటిది తనే వదిలేస్తుంది. ఇక్కడ నేను బంతి కన్నా పాత నూలు చీర ముక్కను మూడు పాయలుగా అల్లి రెండు చివర్లా ముడేసి వాడతాను. మెత్తగా ఉంటుంది, దొర్లి మంచం కిందికి పోదు, పోగులు మాత్రం మింగనివ్వకూడదు గనక ఆట అయ్యాక తీసి దాచేస్తాను. టెన్నిస్ బంతి కాసేపు ఆడటానికి సరే, నమలడానికి వదలొద్దు, పైనున్న నూగు దుమ్ము పట్టి పళ్లను అరగదీస్తుంది. కిరాణా కొట్లో దొరికే చిన్న రబ్బరు బంతులు గొంతులో అడ్డం పడతాయి, అవి ఇంట్లో ఉంటే ఈ రోజే తీసేయండి. పిల్ల పెరిగేకొద్దీ బంతి సైజూ పెరగాలి.

మూడున్నర, నాలుగు నెలల నుంచి పాలపళ్లు ఊడటం మొదలవుతుంది. 28 పాలపళ్లు పోయి 42 పళ్లు రావాలి, ఆరేడు నెలల దాకా పడుతుంది. ఆ రోజుల్లో నిన్నటిదాకా బాగా ఇచ్చిన పిల్ల ఉన్నట్టుండి బంతి ముట్టకపోవచ్చు, బొమ్మ మీద రక్తపు చుక్కలు కనిపించవచ్చు. టెన్షన్ పడకండి. గుడ్డను తడిపి ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే చిగుళ్లకు హాయి. ఆట తగ్గించండి, మానేయక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం వెంటనే ఆగిపోవాలి. మీరు దగ్గరికి వెళ్లగానే పిల్ల శరీరం బిగుసుకుపోయి, తోక ఆగిపోయి, తల బంతి మీదికి దించి, కంటి కొసల నుంచి తెల్లగుడ్డు కనిపించేలా చూస్తుంటే, దానికి అది ఆటలా లేదు. గుర్రుమంటే కొట్టకండి, తిట్టకండి. గుర్రుమనడం అది ఇచ్చే హెచ్చరిక, దాన్ని అణిచేస్తే రేపు హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. వెనక్కి జరిగి, దూరం నుంచి ముక్కలు దాని వైపు వేయండి, రెండు మూడు రోజుల్లో తేడా లేకపోతే శిక్షణ తెలిసినవాళ్లకు చూపించండి. చిన్న పిల్లలను ఆ చుట్టుపక్కల ఉంచొద్దు. ఎవరికైనా దాని పన్ను గీసుకున్నా సరే, సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. "మన కుక్కే కదా" అని వదిలేయొద్దు, రేబిస్ వచ్చాక మందు లేదు. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి, మిగతా టీకాల వరస పూర్తయ్యేదాకా ఆట ఇంట్లోనే. వీధిలో, పార్కులో నేల మీద కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ నెలల తరబడి బతికి ఉంటుంది.

ఎండ సంగతి విడిగా చెప్పక్కర్లేదనుకున్నాను, కానీ మధ్యాహ్నం డాబా మీద ఆడించామని ఇద్దరు చెప్పారు గనక చెబుతున్నాను. కుక్కకు చెమట పాదాల దగ్గరే, ఒళ్లు చల్లబడేది ఎక్కువగా రొప్పడం ద్వారానే. మన ఎండాకాలంలో ఉదయం ఏడులోపు, లేదా పొద్దుగూకి నేల చల్లబడ్డాక. మీ అరచేతి వెనక భాగాన్ని ఐదు సెకన్లు నేల మీద ఆనించలేకపోతే దాని పాదాలకూ కాలుతుంది.

ఈ వారం అభ్యాసం. కాస్త కష్టమే, ముందే చెబుతున్నాను. ఇంట్లో నాలుగు చోట్ల, అంటే గుమ్మం దగ్గర, వంటింటి గట్టు మీద, హాల్లో, పడకగదిలో, మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాల్లో ముక్కలు పెట్టుకోండి. మాంసం, పనీర్ అయితే పూటకు సరిపడా తీసి, మిగతాది ఫ్రిజ్‌లో ఉంచండి. ఏడు రోజులు, ఇంట్లో ఎవరూ, ఒక్కసారి కూడా, పిల్ల వెంట పరుగెత్తకూడదు, దాని నోట్లోంచి ఏదీ లాగకూడదు (పైన చెప్పిన ప్రమాదకరమైనవి తప్ప). చెప్పు పట్టినా, పేపరు పట్టినా, దగ్గర్లో ఉన్న డబ్బా తీసి మార్పిడి. రోజుకు కనీసం పది మార్పిడులు, అందులో ఎనిమిది దాని సొంత బొమ్మలతో, వస్తువు తిరిగి ఇచ్చేసేవి. ఎవరైనా లాక్కుంటే ఆ రోజు లెక్కలోకి రాదు, మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. ఒక్కో విడత రెండు మూడు నిమిషాలు మించొద్దు, ఈ వయసు పిల్ల రోజులో చాలాసేపు పడుకుంటుంది, నిద్ర లేపి ఆడించొద్దు. అది ఇంకా కావాలని చూస్తుండగానే ఆపేయండి.

వారం చివర పరీక్ష ఇది. మీరు నేల మీద కూర్చుని, చేతిలో ఏమీ లేకుండా, పిలవకుండా ఉండండి. పిల్ల బొమ్మ నోట పట్టుకుని తనంతట తను మీ ఒళ్లోకి వస్తే నాలుగో పాఠం చదవండి, అందులో మూడు మీటర్లు విసురుదాం. మీకు ఒక చెయ్యి దూరంలో ఆగిపోతుంటే ఇంకో వారం ఇక్కడే ఉండండి.