ఎయిర్ లాకర్లకు కంప్రెసర్ బిగించడం, వైరింగ్ చేయడం, వాడటం

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కూడా ఒక్కోసారి చిన్న గుంటలో దిగబడిపోవడానికి కారణం డిఫరెన్షియల్. మలుపులో లోపలి చక్రాన్ని నెమ్మదిగా, బయటి చక్రాన్ని వేగంగా తిరగనివ్వడం దాని పని. అదే గుణం వల్ల ఒక చక్రం గాలిలోకి లేచినా, నల్లరేగడి బురదలో పట్టు కోల్పోయినా అదొక్కటే గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీద ఆనిన రెండో చక్రం మాత్రం కదలదు. ఎయిర్ లాకరులో గాలి పీడనం లోపలి భాగాన్ని జరిపి గేరును డిఫరెన్షియల్ కేసుకు పట్టించేస్తుంది కాబట్టి రెండు చక్రాలూ ఒకే ఇరుసులా కలిసి తిరుగుతాయి. గాలి వదిలేయగానే స్ప్రింగులు దాన్ని మళ్లీ యథాస్థానానికి నెడతాయి.

లాకరును ఇరుసు హౌసింగులో, అంటే డిఫరెన్షియల్ ఉండే ఇనుప గూటిలో, అమర్చడం గేరు పని బాగా తెలిసిన మెకానిక్ చేయాల్సింది. కంప్రెసర్ నుంచి హౌసింగు దాకా ఉండే పని మాత్రం మల్టీమీటరు పట్టుకోవడం వచ్చిన వారెవరైనా ఓపిగ్గా చేసుకోవచ్చు. లాకరుకు కావలసిన గాలి చాలా కొద్ది, అందువల్ల ట్యాంకు తప్పనిసరి కాదు. ఆ కొద్ది గాలీ పీడనం తగ్గకుండా నిలబడటమే ముఖ్యం, నేను చూసిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం సన్నటి వైరు దగ్గరో కారే జాయింటు దగ్గరో తేలాయి.

ముందు కంప్రెసర్ పంపుకు చోటు చూసుకోవాలి. సైలెన్సర్ పైపు వేడికి దూరంగా, వాగు దాటేటప్పుడు నీరు అందనంత ఎత్తులో, చేతికి అందేలా ఉండాలి. ఇంజను గదిలో చోటున్నా అక్కడి వేడి పంపుకు మంచిది కాదు, సీటు కింద బిగిస్తే చప్పుడు భరించాలి. నేను చప్పుడునే ఎంచుకున్నాను.

ఇక వైరింగ్. ఈ తరగతి 12 వోల్టుల పంపు పని చేసేటప్పుడు సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దాన్ని డాష్‌బోర్డు స్విచ్చు గుండా నేరుగా నడపకూడదు, మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు, ఉండాలి. దాని కాళ్ల మీద 30, 87, 86, 85 అని అంకెలు ఉంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు ద్వారా రిలే 30కి, 87 నుంచి పంపు మోటారుకు లావు వైరు వెళ్తుంది. పంపు ఎర్త్ వైరును బాడీకి తగిలించి వదిలేయకుండా బ్యాటరీ మైనస్ దాకా తీసుకెళ్లడం మేలు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, ఎందుకంటే అది కాపాడేది పంపును కాదు, బ్యాటరీకీ పంపుకూ మధ్యన ఉన్న వైరును. ఫ్యూజుకు ముందున్న వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఆపే దిక్కు ఉండదు. ఫ్యూజు రేటింగు మాత్రం పంపు తయారీదారు చెప్పినదే వాడాలి.

మా బండికి మొదట ఒక ఎలక్ట్రీషియన్ 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశాడు. పంపు తిరిగేది కానీ ఈసురోమంటూ తిరిగేది. బ్యాటరీ నుంచి సీటు కిందికి 3 మీటర్లు, రానూపోనూ 6 మీటర్లు. ఆ వైరులో 20 ఆంపియర్లు పారితే దాదాపు 0.84 వోల్టు దారిలోనే పోతుంది, వైరు చివర బిగించే లగ్గులూ ఫ్యూజు హోల్డరూ తినేది దీనికి అదనం. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరయితే నష్టం 0.35 వోల్టు. వైరు మార్చిన రోజే పంపు గొంతు మారిపోయింది. మీరు కూడా పంపు తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, మోటారు దగ్గర ఒకసారి వోల్టేజీ కొలవండి. తేడా అర వోల్టు దాటితే వైరునో జాయింటునో అనుమానించండి.

రిలేను నడిపే వైపు సన్న వైరు, చిన్న ఫ్యూజు చాలు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటి నుంచి మొదటి స్విచ్చుకు, అంటే పంపు స్విచ్చుకు, ప్లస్ ఇవ్వాలి. అక్కడి నుంచి ఒక వైరు ప్రెషర్ స్విచ్చు గుండా రిలే 86కు చేరుతుంది, 85 ఎర్త్‌కు పోతుంది. రిలే లోపల డయోడ్ ఉంటే ఈ రెండూ తారుమారు కాకూడదు. ఏఆర్‌బీ సీకేఎంఏ12 పంపులో ప్రెషర్ స్విచ్చు 135 పీఎస్ఐ దగ్గర మోటారును ఆన్ చేసి, 150 దగ్గర ఆపుతుంది. పంపు స్విచ్చు నుంచి మరో వైరు వెనుక లాకరు స్విచ్చుకు, దాని నుంచి ముందు లాకరు స్విచ్చుకు గొలుసులా వెళ్లాలి. అలా చేస్తే పంపు ఆన్‌లో లేకుండా ఏ లాకరూ పడదు, వెనుకది పడకుండా ముందుది పడదు. తొందరలో చేయి పొరపాటున తగిలినా స్టీరింగ్ బిగుసుకుపోదన్నమాట. ఒక్కో లాకరు స్విచ్చు నుంచి దాని సోలినాయిడ్‌కు, అంటే కరెంటు అందగానే లాకరుకు గాలి దారి తెరిచే వాల్వుకు, ఒక వైరు వెళ్తుంది.

గాలి గొట్టాన్ని కట్టింగ్ ప్లయర్‌తో కోయడం నేను చేసిన తప్పు. మూతి నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది, ఫిట్టింగులో ఎంత లోపలికి నెట్టినా గాలి కారింది. కొత్త బ్లేడుతో, గొట్టానికి సరిగ్గా అడ్డంగా, ఒకే కోతలో తెగాలి. మరచుట్లు ఉన్న జాయింట్లకు టెఫ్లాన్ టేపు మొదటి చుట్టు వదిలి చుట్టండి, లేకపోతే పీచు సోలినాయిడ్‌లోకి చేరుతుంది. గొట్టం నెట్టి బిగించే చోట టేపు అసలు వద్దు. బ్రేకు గొట్టం వెళ్లే దారినే గాలి గొట్టాన్నీ తీసుకెళ్లి, ఇరుసు పూర్తిగా కిందికి వేలాడినా లాగుకుపోనంత వదులు ఉంచాలి.

పరీక్షలో మొదట రెండు లాకర్లూ ఆఫ్‌లో ఉంచి పంపు వేయండి. పీడనం నిండి పంపు ఆగాక, 15 నిమిషాల లోపు మళ్లీ తిరిగితే లీకు పంపు దగ్గరో సోలినాయిడ్ దగ్గరో ఉంది. లాకరు వేశాక మాత్రమే అలా జరిగితే లీకు ఆ గొట్టంలోనో హౌసింగు లోపలో ఉంది. సబ్బు నీళ్లు రాస్తే జాయింటు దగ్గర బుడగలు కనిపిస్తాయి. తర్వాత ఇంజను ఆపి, ముందు చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, వెనుక ఇరుసును జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. గేరు వేసి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిక్కున తిరగాలి. తాళం ఆన్ చేసి లాకరు వేశాక మళ్లీ తిప్పబోతే కాస్త ఆడి ఆగిపోవాలి, రెండోది కదలకూడదు.

వాడకంలో ప్రధానమైన నియమం, అడ్డంకికి ముందే లాకరు వేయడం. బండి ఆగి ఉన్నప్పుడో నడక వేగంలో ఉన్నప్పుడో స్విచ్చు నొక్కాలి. చక్రం జోరుగా తిరిగిపోతుండగా నొక్కితే గేరు పళ్లకు దెబ్బ. మొదట వెనుక లాకరు వేయాలి, అదీ చాలకపోతేనే ముందు లాకరు, ఎందుకంటే ముందుది పడ్డాక బండి తిప్పినట్టు తిరగక నేరుగా పోవాలని చూస్తుంది. పక్కకు వాలిన తడి నేల మీద రెండు వెనుక చక్రాలూ ఒకేసారి జారి బండి తోక కిందికి దిగవచ్చు కాబట్టి అక్కడ లాకరు లేకుండా వెళ్లడమే మంచిది. తారు రోడ్డు మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆఫ్ చేశాక కూడా లాకరు వెంటనే వదలకపోవచ్చు. ఇరుసు మీద బిగింపు ఉన్నంతసేపు గేరు పట్టుకునే ఉంటుంది, తిన్నగా కొద్ది దూరం నడిపి యాక్సిలరేటర్ వదిలితే విడిపోతుంది.

ఇదే పంపుతో టైర్లకు గాలి కూడా కొట్టవచ్చు. సముద్రపు ఇసుకలో 18 పీఎస్ఐకి దించిన టైర్లను తిరిగి నింపేటప్పుడు ఇంజను నడుస్తూ ఉండాలి. రెండు టైర్లకు ఒకసారి పంపుకు విశ్రాంతి ఇవ్వండి, సిలిండరును చేత్తో ముట్టుకోకండి.

నెలకొకసారైనా మట్టి నేల మీద లాకర్లు వేసి తీస్తే సీళ్లు పట్టుకుపోవు. ఆ సమయంలోనే సోలినాయిడ్ గాలి వదిలే రంధ్రం దగ్గర గుడ్డ పెట్టి చూడండి. గుడ్డకు గేర్ ఆయిల్ అంటితే హౌసింగు లోపలి సీలు దెబ్బతిన్నట్టు, ఇక ఆ ఇరుసును విప్పించాల్సిందే.