కొత్త చైన్‌సాను తుపాను నెలకు ముందే నడిపి, కుదురుకోనిచ్చి సిద్ధం చేసుకోండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చెట్లు పడ్డాక చైన్‌సా కోసం, అంటే చెట్లు కోసే పెట్రోలు రంపం మిషన్ కోసం, పరిగెత్తడం మాకు అలవాటైపోయింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేనూ అదే పని చేశాను. దారి తెరుచుకోగానే వెళ్లి కొత్త చైన్‌సా కొన్నాను. మధ్యాహ్నానికల్లా దాన్ని తోటలో అడ్డంగా పడి ఉన్న కొబ్బరి మానుల మీద పెట్టాను. మూడో రోజు ఇంజన్ పట్టేసింది.

పవర్ చాలడం లేదనిపించి, ఎవరో చెబితే కార్బురేటర్ (ఇంజన్‌కు గాలీ పెట్రోలూ కలిపి అందించే భాగం) మీద హెచ్ అని రాసి ఉన్న స్క్రూను కుడివైపు కొద్దిగా బిగించాను. మిషన్ ఒక్కసారిగా జివ్వుమని లేచింది. ఆ అరగంటా కోత వెన్నలా సాగింది. పక్కన కొమ్మలు లాగుతున్న మా చిన్నాన్న మాత్రం "గొంతు మారింది, ఆపరా" అన్నాడు. నేను ఆపలేదు. కాసేపటికి మిషన్ దానంతట అదే ఆగింది, తాడు లాగితే కదల్లేదు. సైలెన్సర్ విప్పి లోపలికి టార్చి వేస్తే, పిస్టన్ పక్కన గోళ్లతో రక్కినట్టు పైనుంచి కిందికి గీతలు. బిగించింది పావు చుట్టు కూడా కాదు. ఊళ్లో పది కుటుంబాల వాళ్లు ఆ మిషన్ కోసం ఎదురు చూస్తున్న రోజుల్లో అది మూల పడింది.

అందుకే చెబుతున్నాను. మనకు గాలుల భయం అక్టోబరు, నవంబరుల్లో. మిషన్ కొనేదుంటే జులై, ఆగస్టుల్లోనే కొనండి. కొత్త ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు ఇంకా సరిగ్గా ఆనవు. కాస్త పని చేశాకే ఒకదానికొకటి కుదురుకుని, కంప్రెషన్ నిలుస్తుంది. చాలా రకాల మిషన్లకు అసలు పవర్ తెలిసేది 5 నుంచి 15 ట్యాంకుల పెట్రోలు కాలాకే. తొలిరోజు తక్కువ పవర్ అనిపించడం లోపం కాదు. స్క్రూ తిప్పి దాన్ని ముందే రాబట్టాలని చూడకండి.

మొదటి మూడు ట్యాంకులు పాటించాల్సింది ఒకటే: కోత లేకుండా గాల్లో ఫుల్ రేస్ ఇవ్వొద్దు. చెక్కలో బార్ (చైను చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) ఉన్నప్పుడు మాత్రం ట్రిగ్గర్ పూర్తిగా నొక్కండి, అదే సరైన పద్ధతి. కొత్త మిషన్ కదా అని సగం రేస్‌లో బరబరా గుంజితే క్లచ్ జారి వేడెక్కుతుంది. గంటల తరబడి స్లోలో వదిలేసినా రింగులు కుదురుకోవు. ఎండిన సరుగుడు దుంగలు, తోటలో ఎండిపోయిన జీడి కొమ్మలు ఈ పనికి బాగుంటాయి. కోయండి, ఆపండి, మళ్లీ కోయండి. పెద్ద కోత అయ్యాక వెంటనే స్విచ్ ఆపకుండా ఒక నిమిషం స్లోలో ఉంచితే ఫ్యాన్ గాలికి ఇంజన్ వేడి దిగుతుంది.

పెట్రోలు సంగతి ఇంకా ముఖ్యం. ఇది టూ స్ట్రోక్ ఇంజన్, పెట్రోలులో కలిపిన ఆయిలే దానికి ప్రాణం. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. కంటితో అంచనా వేయకండి, మందుల షాపులో దొరికే సిరంజితో కొలిచి పోయండి. మొదట సగం పెట్రోలు, తర్వాత ఆయిల్, మళ్లీ మిగతా పెట్రోలు పోసి డబ్బా బాగా కుదపాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. చాలా చైన్‌సా మాన్యువల్స్ ఒప్పుకునేది 10 శాతమే. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, కార్బురేటర్‌లోని సన్నటి రబ్బరు పొరలను పాడుచేస్తుంది, పైగా అదే సెట్టింగ్‌లో ఇంజన్‌లోకి వెళ్లే గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పలచబరుస్తుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలనట్టవుతుంది. కాబట్టి మీ మాన్యువల్ ఏం ఒప్పుకుంటుందో డీలర్‌ని అడిగి తెలుసుకోండి. నెలకు మించి నిల్వ ఉన్న మిశ్రమం వాడొద్దు.

చైనుకూ అలవాటు కావాలి. కొత్త చైనును రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టి, ఎక్కించాక రెండు మూడు నిమిషాలు కోత లేకుండా ఓ మోస్తరు స్పీడులో తిప్పండి. ఆపి, చల్లారనిచ్చి, టెన్షన్ చూడండి. బార్ అడుగున చైను ఆనుకుని ఉండాలి, గ్లవ్ వేసుకున్న చేత్తో లాగితే సాఫీగా జరగాలి. తొలి రోజు కొత్త చైను సాగుతూనే ఉంటుంది, గంటకు రెండు మూడు సార్లయినా చూడక తప్పదు. పని అయ్యాక కొంచెం వదులు చేసి పెట్టండి. వేడి మీద బిగించిన చైను చల్లారేటప్పుడు ముడుచుకుని క్రాంక్ షాఫ్ట్‌ను లాగేస్తుంది. బార్‌కు ఆయిల్ అందుతోందో లేదో చూడటం తేలిక: బార్ కొనను తెల్ల కాగితం మీదకు, తగలకుండా, జానెడు దూరంలో పట్టుకుని రేస్ ఇస్తే కాగితం మీద సన్నటి ఆయిల్ గీత పడాలి. బండి నుంచి తీసిన వాడేసిన ఆయిల్ పోయకండి, అందులోని ఇనుప రజను పంపును తినేస్తుంది.

పవర్ తగ్గిందని అనిపించిన ప్రతిసారీ ముందు చూడాల్సింది చైను పళ్లే. పదునున్న చైను చెక్కను పేళ్లుగా విసురుతుంది, మొద్దుబారింది పిండిలా రాలుస్తుంది. కొబ్బరి మాను పీచుగా ఉండి పళ్లను త్వరగా మొద్దుబారుస్తుంది. దానికి ఇసుక తోడైతే చెప్పనక్కర్లేదు, కోసే చోట మాను మీది ఇసుకను ముందు దులిపేయండి. మానుకు మేకులు కొట్టి ఉన్నాయేమో కూడా చూసుకోవాలి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ దులపండి, సైలెన్సర్ జాలీ మూసుకుపోయిందేమో చూడండి. ఈ మూడూ సరిగ్గా ఉన్నాకే కార్బురేటర్ జోలికి వెళ్లాలి. నా అనుభవంలో పదిలో ఎనిమిది సార్లు అక్కడి దాకా వెళ్లే అవసరమే రాదు.

వెళ్లాల్సి వస్తే, మూడు స్క్రూలుంటాయి. ఎల్ స్లోకూ పికప్‌కూ, హెచ్ ఫుల్ రేస్‌కూ, మూడోది స్లో స్పీడుకూ. ఎల్, హెచ్ స్క్రూలను కుడికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమకు తిప్పితే పెరుగుతుంది. పెట్రోలు తగ్గితే దానితో పాటు వచ్చే ఆయిలూ తగ్గుతుంది, నా పిస్టన్ పోయింది అక్కడే. కంపెనీ సెట్టింగ్‌ను మొదటి మూడు ట్యాంకులూ కదపకండి. ఆ తర్వాత మిషన్‌ను నాలుగైదు నిమిషాలు వేడెక్కించి, ఎల్‌తో స్లో నిలకడగా ఉండి ట్రిగ్గర్ నొక్కగానే తడబడకుండా లేచేలా చూడండి. మూడో స్క్రూతో స్లోలో చైను తిరగకుండా ఆపండి. స్లోలో చైను తిరుగుతుంటే ఆ మిషన్‌తో పని చేయొద్దు.

హెచ్‌కు చెవి కావాలి. గాల్లో ఫుల్ రేస్ రెండు మూడు సెకన్లే ఇవ్వండి. శబ్దం కొంచెం తడిగా, బర్ర్‌ర్‌మని విరుగుతూ ఉండాలి. చెక్కలో పెట్టగానే ఆ బరబర పోయి గొంతు శుభ్రం కావాలి. గాల్లోనే సన్నగా, ఒకే ధారగా కీచుమంటుంటే మిశ్రమం పలచబడినట్టు, వెంటనే ఎడమకు తిప్పండి. మా చిన్నాన్న ఆరోజు విన్నది ఆ కీచే. కొన్ని మిషన్లలో ప్లగ్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ స్పీడును ఒక హద్దు దాటకుండా ఆపేస్తుంది, ఆ శబ్దం కూడా బరబరలాగే ఉండి మోసం చేస్తుంది. అందుకే ఇంజన్ స్పీడు కొలిచే టాకోమీటర్ ఉన్న మెకానిక్ చేత మాన్యువల్‌లోని ఆర్‌పీఎంకు (నిమిషానికి ఎన్ని చుట్లు అన్న లెక్కకు) సరిచూపించుకోవడం మేలు. పదో ట్యాంకు దగ్గర ఇంకోసారి చూపించండి, ఇంజన్ కుదురుకున్నాక స్పీడు మారుతుంది. మే నెల ఎండలో చేసిన సెట్టింగ్ జనవరి చలికి పలచబడుతుందని కూడా గుర్తుంచుకోండి. స్పార్క్ ప్లగ్ కొన లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు, తెల్లగా పాలిపోయి ఉంటే ప్రమాదం. స్క్రూలే లేకుండా ఎలక్ట్రానిక్ కార్బురేటర్ ఉన్న మిషన్లకు ఈ తలనొప్పి లేదు.

తుపాను తర్వాత కోతకు దిగేముందు రెండు మాటలు. పడిన చెట్టు కింద కరెంటు తీగ ఉంటే, అది చచ్చిన తీగే అని ఎవరు చెప్పినా నమ్మకండి. 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి చెప్పేదాకా మిషన్ స్టార్ట్ చేయొద్దు. ఇక వేళ్లతో సహా పెళ్లగిలిన చెట్టు. మాను కోయగానే బరువు పోయి, ఆ వేళ్ల దిమ్మ గోతిలోకి తిరిగి లేచి కూర్చుంటుంది. పిల్లల్ని ఆ గోతి దగ్గరకు రానివ్వకండి. వంగి ఉన్న కొమ్మకు లోపలివైపు నొక్కుకుని ఉంటుంది, బయటివైపు సాగి ఉంటుంది. ముందు లోపలివైపు కొంచెం కోసి, తర్వాత బయటివైపు నుంచి కోయాలి. బార్ కొన పైభాగం దేనికీ తగలకూడదు, తగిలితే మిషన్ ముఖం మీదకు ఎగురుతుంది. లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. హెల్మెట్, కళ్లద్దాలు, చెవులకు మూత, బూట్లు, తొడలకు చైనును ఆపే ప్రత్యేకమైన ప్యాంటు ఉండాలి. ఆ ప్యాంటు ఖరీదు ఎక్కువే, మిషన్‌తో పాటే కొనేయండి.

మా ఇంట్లో ఇప్పుడున్న మిషన్ ఆగస్టులో కొన్నది. పెట్రోలు డబ్బా మీద కలిపిన తేదీ సుద్దముక్కతో రాసి ఉంటుంది, దాని కింద ట్యాంకుల లెక్క గీతలు. నిన్నటికి పదకొండు గీతలయ్యాయి.