పితికిపప్పు, ఊరిబిండి, మళ్లీ అలిపిరి మెట్లు

పూర్తి శాకాహారం కోసం పాలు, పెరుగు కూడా మానేసిన మూడో నెలలో అలిపిరి మెట్లు ఎక్కుతుంటే గాలిగోపురం చేరకముందే కళ్లు తిరిగాయి. ముందు ఏడాది 3,550 మెట్లూ ఎక్కినదాన్ని. చాలా టెన్షన్ పడ్డాను.

వారం రోజులు తిన్నదంతా రాసుకుంటే సంగతి తెలిసింది. కూరగాయలతో కడుపు నిండుతోంది కానీ అన్నం, పప్పు బాగా తగ్గిపోయాయి. నా బరువు 60 కిలోలు, రోజుకు దాదాపు 50 గ్రాముల ప్రోటీన్ కావాలి. అందులో సగం కూడా అందడం లేదు.

మా అమ్మమ్మ వంటకే తిరిగి వెళ్లాను. మధ్యాహ్నం రాగిసంగటి, చెనిక్కాయల (వేరుశనగల) ఊరిబిండి అనే పచ్చడి. రాత్రి ఉలవలో, అలసందలో గుగ్గిళ్లు. 100 గ్రాముల ఎండు ఉలవల్లో 20 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది. చలికాలంలో అనపకాయలొస్తే (సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయలు) పితికిపప్పే. గింజలు నానబెట్టి ఒక్కొక్కటీ పితకడం ఓపిక పని, అయినా ఆ రుచికి ఎంత ఓపికైనా పట్టొచ్చు. సాయంత్రం గుప్పెడు వేయించిన చెనిక్కాయలు: 30 గ్రాములకు సుమారు 7 గ్రాముల ప్రోటీన్, 170 క్యాలరీలు.

బీ12 విటమిన్ మాత్రం ఈ తిండిలో దొరకదు. రక్తపరీక్షలో తక్కువని తేలింది, డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటున్నాను. దీన్ని దయచేసి అశ్రద్ధ చేయకండి.

రెండు నెలల తర్వాత గాలిగోపురం దగ్గర కూర్చోకుండానే ముందుకు నడిచాను.