ఎడ్మంటన్ చలికాలంలో మిరప నారు: దీపం ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆర్పాలి

కెనడాలోని ఎడ్మంటన్‌లో కొత్తగా దిగినవారికి చలి గురించి అందరూ చెబుతారు, వెలుగు గురించి చెప్పేవారు తక్కువ. డిసెంబరు మూడో వారంలో ఇక్కడ పగలు ఏడున్నర గంటలే. అదే రోజున హైదరాబాదులో దాదాపు 11 గంటలు ఉంటుంది. ఇంట్లో పచ్చిమిర్చి కాయించుకోవాలనుకునేవారు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

నా మొదటి నారును కిటికీ గట్టు మీద పెట్టాను. పది రోజుల్లో మొలకలు దారాల్లా సాగి, అద్దం వైపు వాలి, మట్టి మీద పడిపోయాయి. అద్దానికి ఆనిన ఆకులైతే ఒక్క రాత్రి చలికే ఉడికినట్టు వేలాడాయి. కిటికీని నమ్ముకోకండి. బేస్‌మెంట్‌లో అద్దెకున్నా నారు పెంచవచ్చు. ఒక తెల్లని ఎల్‌ఈడీ దీపం, ఒక టైమరు ఉంటే చాలు. రెండూ ఇక్కడే కొనండి. మన 230 వోల్టుల సామాను ఇక్కడి 120 వోల్టులకు సరిపడకపోవచ్చు.

ఊరి నుంచి విత్తనాలు తెస్తే విమానాశ్రయంలో తప్పక చెప్పండి. లేదంటే ఇక్కడి దుకాణంలో బాగా పండిన ఎర్ర మిరపకాయ కొన్నా అందులోని గింజలు చాలావరకు మొలుస్తాయి. ఫిబ్రవరి మధ్యలో వేయండి. గింజ మొలవడానికి వెలుగు అక్కర్లేదు, 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. మొలక తల ఎత్తిన రోజు నుంచే దీపం పని మొదలవుతుంది.

రోజుకు 14 నుంచి 16 గంటల వెలుగు ఇవ్వండి. మా ఇంట్లో ఉదయం 6కు వెలిగి రాత్రి 9కి ఆరిపోతుంది. దీపం నారుకు జానెడు ఎత్తులో ఉండాలి. ఆకుల మీద అరచేయి ఉంచి చూడండి, వేడి తగిలితే దీపాన్ని పైకి జరపండి. 40 వాట్ల దీపం రోజుకు 15 గంటలు వెలిగితే నెలకు 18 యూనిట్లు కాలుతుంది.

ముఖ్యమైన మాట ఇక్కడ చెబుతాను. ఎక్కువ వెలుగిస్తే త్వరగా కాస్తుందని రాత్రింబవళ్లు దీపం వెలిగించకండి. నేను ఒక నెల అలా చేశాను. ఆకు ఈనెలకు నడుమ ఉన్న పచ్చదనం పోయి ఆకులు పాలిపోయాయి, కొత్త చిగుళ్లు గరుకుగా, వంకరగా వచ్చాయి. మనవాళ్లు అది చూడగానే ముడత తెగులని మందు కోసం వెతుకుతారు. తామర పురుగు పడితే ఆకు పైకి ముడుచుకుంటుంది, తెల్లనల్లి పడితే కిందికి ముడుచుకుంటుంది. ముందు ఆకు తిప్పి, అడుగున భూతద్దంతో వెతకండి. పురుగు కనబడకపోతే మందు జోలికి వెళ్లకుండా, రాత్రిపూట కనీసం 8 గంటల పాటు చీకటి ఇవ్వండి. కొత్త ఆకులు మామూలుగా వస్తాయి. పాత ఆకులు బాగుపడవు, వాటిని చూసి దిగులుపడకండి.

అదే గదిలో పడుకునేవారు ఒక సంగతి అడుగుతుంటారు: రాత్రి లేచి లైటు వేస్తే పూత ఆగుతుందా అని. ఆగదు. చామంతిలా పగటి నిడివి చూసుకుని పూసే మొక్క కాదిది.

చుట్టూ పళ్లున్న చక్రం తిరిగే టైమరు అయితే కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది. రెండు గంటలు పోతే మొక్కకు తెల్లవారడం రెండు గంటలు ఆలస్యమవుతుంది. వారానికోసారి గడియారంతో సరిచూడండి.

ఇంట్లోనే పూత వస్తే గాలి ఉండదు, తేనెటీగ రాదు. మధ్యాహ్నం పూల కాడలను వేలితో మెల్లగా తట్టండి. పుప్పొడి రాలి పిందె కడుతుంది.

మే నెలాఖరుకు మంచు భయం తగ్గుతుంది. రాత్రులు 12 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నప్పుడే కుండీలను బాల్కనీకి మార్చండి. జూన్‌లో పగలు 17 గంటలు ఉంటుంది, ఇక దీపంతో పనిలేదు. అయితే దీపం కింద పెరిగిన ఆకు నేరుగా ఎండకు తట్టుకోదు, తెల్లగా మాడిపోతుంది. మొదటి రోజు నీడలో ఒక గంట, మర్నాడు రెండు గంటలు, అలా పది రోజులు అలవాటు చేసి అప్పుడు ఎండలో వదలండి.